గాలి పోయినా నడిచే టైరు

ఆ కారు షాపు దాకా నడిచి రాలేదు. ట్రక్కెక్కి వచ్చింది.

ఆషాఢమాసపు ముసురు మూడు రోజులుగా రాజమండ్రిని పట్టుకుని వదలడం లేదు. శ్రీ కన్యకా టైర్స్ ముందు రోడ్డు కాలవైపోయింది. ఆ నీళ్లలోంచి ఎర్రటి రెండు సీట్ల స్పోర్ట్స్ కారొకటి ట్రక్కు మీద కూర్చుని వచ్చి, మెల్లగా షెడ్డులోకి దిగింది. ఒక టైరు పక్కగా చీలి వేలాడుతోంది. మిగతా మూడూ చాలాకాలం కదలక ఒకవైపు అణిగిపోయి ఉన్నాయి.

వెనకాలే గొడుగు లేకుండా ఒక యువకుడు దిగాడు. మంచి ఎత్తు, వారం రోజుల గడ్డం, నవ్వడం మానేసి చాలా రోజులైన మొహం.

"రన్‌ఫ్లాట్ టైర్లు కావాలండి. నాలుగు," అన్నాడు లోపలికి వస్తూనే.

కౌంటర్ వెనక కూర్చున్న హరిచందన అతని జుట్టులోంచి కారుతున్న నీళ్లు చూసింది. కొత్తగా తుడిచిన నేల కూడా చూసింది.

"ముందు తల తుడుచుకోండి. టవలిస్తాను."

"తల సంగతి తర్వాత చూసుకుందాం. టైర్లున్నాయా?"

వచ్చినవాడు కస్టమర్ కాబట్టి హరిచందన కోపం మింగి కారు చుట్టూ ఒకసారి తిరిగింది.

"ఎక్కడెక్కడ తిప్పుతారండి దీన్ని?"

"అమలాపురం, రాజమండ్రి."

"అమలాపురం రోడ్డు మీద రన్‌ఫ్లాట్లా! మీ నడుం మీద మీకేమైనా పాత కక్షలున్నాయా?"

అతను నవ్వలేదు. ఆ జోకుకి షాపులో ఎవరైనా నవ్వుతారు. హరిచందనకి కాస్త చిన్నతనంగా అనిపించి, గొంతు సవరించుకుని మామూలుగా చెప్పింది.

"ఆ టైరు పక్కగోడ రాయిలా ఉంటుందండి. గాలి పోయినా కారు బరువు అదే మోస్తుంది. అందుకే ఆగిపోదు. కానీ గాలి ఉన్నప్పుడూ ఆ గట్టిదనం ఎక్కడికి పోతుంది? ప్రతి గొయ్యీ మీ వెన్నులో దిగుతుంది. గాలి లేకుండా నడిపారంటే దానికి అతుకు కూడా వెయ్యం, మార్చుకోవాల్సిందే. మామూలువి వేయించుకోండి. మెత్తగా పోతుంది."

"మెత్తటివి వద్దు," అన్నాడతను. ఆ మాట అన్న తీరులో ఏదో తేడా ఉంది. "పైగా ఈ కారులో స్టెప్నీ పెట్టుకునే చోటు లేదు. నాకు మధ్యలో ఆగిపోని టైరు కావాలి."

"అలాంటిది ఎవరూ చెయ్యలేదండి. కొంత దూరం పోయి ఆగే టైరు చేశారు. గాలి పోయాక ఓ ఎనభై కిలోమీటర్లు. అదీ నెమ్మదిగా పోతే."

"ఎనభై ఎందుకండీ, యాభై అయిదు చాలు."

యాభై అయిదు లెక్కేమిటో హరిచందనకి బోధపడలేదు.

"అయినా అడిగింది ఇవ్వడానికే కదండీ షాపు పెట్టుకుంది?" అన్నాడతను విసుగ్గా.

"అడిగింది అడిగినట్టు కట్టి ఇచ్చేది కిరాణా కొట్టండి. ఇక్కడ కాస్త మాట కూడా చెప్తాం."

మూలన న్యూస్‌పేపర్ వెనక నుంచి దగ్గు వినిపించింది. ఆ దగ్గు హరిచందన తండ్రి సూర్యప్రకాశం గారిది. కూతురు ఎవరికైనా నిజం చెప్పడం మొదలుపెట్టినప్పుడల్లా ఆయనకి దగ్గు వస్తుంది. క్రితం ఏడు తణుకు నుంచి పెళ్లిచూపులకి వచ్చిన వరుడి కొత్త కారు చూసి, కాఫీ ఇస్తూనే, "మీకు అరిగినవాటికి కొత్త రబ్బరేసిన రీట్రెడ్ టైర్లు అంటగట్టారండీ," అని చెప్పిన పిల్ల ఆమె. ఆ సంబంధం కాఫీ చల్లారేలోపే వెళ్లిపోయింది.

"సరే, తెప్పిస్తాను," అంది హరిచందన. "ఈ సైజు చెన్నై నుంచి రావాలి. టైం పడుతుంది."

"భాద్రపదం లోపు కావాలి. మా నాన్నగారిని అమలాపురం నుంచి ఇక్కడికి ఈ కారులోనే తీసుకురావాలి. ఆయన ఎక్కనంటున్నారు. ఆగిపోని టైర్లు వేయించానని చెప్తే ఎక్కుతారు."

"ఎక్కకపోతే?"

అతను కారు వైపు చూశాడు. బిల్లు మీద పేరు రాయడానికి అడిగితే, "ఉదయ్‌భాస్కర్," అని చెప్పి, తల తుడుచుకోకుండానే వానలోకి వెళ్లిపోయాడు. టవలు కౌంటర్ మీదే ఉండిపోయింది.

*

టైర్లొచ్చేదాకా కారు షెడ్డులోనే ఉంది. ఉదయ్‌భాస్కర్ రాజమండ్రిలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్. రోజూ అమలాపురం నుంచి బస్సులో వస్తాడు. అంతకుముందు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. అప్పుడు సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కున్న కారు ఇది.

"ఇంజన్ అప్పుడప్పుడు స్టార్ట్ చెయ్యాలండి. లేకపోతే బ్యాటరీ పడిపోతుంది," అని సాయంత్రం కాలేజీ అయ్యాక షాపుకి వచ్చేవాడు.

"అప్పుడప్పుడు అంటే రోజూనా అండి?" అంది హరిచందన ఓ రోజు.

"వర్షాకాలం కదండీ."

"వర్షానికీ బ్యాటరీకీ సంబంధం ఏంటండి?"

"అది... తేమ ఉంటుంది కదా."

"లెక్చరర్ గారు చెప్పారంటే నిజమే అయ్యుంటుంది," అంది సీరియస్‌గా. ఆ రోజు మొదటిసారి అతని పెదవి ఒక పక్కకి కాస్త కదిలింది. హరిచందన దాన్ని నవ్వు కిందే జమ వేసుకుంది.

ఇంజన్ స్టార్ట్ చేసి, పక్క సీటు వైపు చూస్తూ కాసేపు కూర్చునేవాడు. ఆ పక్క సీట్లో బ్యాగ్ పెట్టేవాడు కాదు, గొడుగు పెట్టేవాడు కాదు. ఒకసారి హరిచందన మీటర్ చూద్దామని ఆ తలుపు తీస్తే, "ఇటు నుంచి చూడండి," అని తనే దిగి తన సీటు ఇచ్చాడు. ఎవరో అమ్మాయి కూర్చున్న సీటు కాబోలు అనుకుంది. అనుకున్నాక ఆ రాత్రి అన్నం సహించలేదు. టైర్ల షాపు వాళ్లమ్మాయికి కస్టమర్ పక్క సీటుతో ఏం పనని తనని తనే తిట్టుకుంది.

"రోజూ బ్యాటరీ పడిపోతుందని వస్తున్నాడు," అన్నారు సూర్యప్రకాశం గారు పేపర్ మడుస్తూ. "పడిపోయింది బ్యాటరీ కాదేమోనమ్మా."

"నాన్నా, పేపర్ చదువుకోండి."

"చదివేశాను. అందులో ఇంత ఇంట్రెస్టింగ్ న్యూస్ లేదు."

శ్రావణం చివర్లో టైర్లు వచ్చాయి. నాలుగు కాదు, ఎనిమిది. నాలుగు రన్‌ఫ్లాట్లు, నాలుగు మామూలువి.

"నేను అడిగింది ఒక రకమే కదండీ?"

"రెండోది నేను అడిగాను. కాకినాడలో ఒక డాక్టరు గారికి ఇదే కారుంది. మీరు వద్దన్నవి ఆయన తీసుకుంటారు. రెండూ ముట్టుకుని చూడండి, తర్వాత చెప్పండి."

ఉదయ్ మామూలు టైరు వైపు చూడనైనా చూడలేదు. "గట్టివే వెయ్యండి."

వేశారు. వీల్ అలైన్‌మెంట్ అయింది. కారు నాలుగు కాళ్ల మీద నిలబడింది. హరిచందనకి సంతోషమేసింది. ఇక రోజూ రాడు కదా అని దిగులూ వేసింది. షాపులో ఏ కొత్త టైర్లు వేసినా చేసే పనే చేసింది. దేవుడి పటం దగ్గర ఉన్న నిమ్మకాయలు నాలుగు తెచ్చి చక్రాల ముందు ఒక్కొక్కటీ పెట్టి, బోనెట్ మీద కుంకుమ బొట్టు పెట్టబోయింది.

"ఏం చేస్తున్నారు? తీసెయ్యండవి!"

షెడ్డులో అందరూ తిరిగి చూశారు. ఉదయ్ మొహం పాలిపోయి ఉంది.

"దిష్టి పోతుందని..." అంది హరిచందన.

"నాకొద్దు. ముట్టుకోకండి దాన్ని."

ఆమె చెయ్యి బోనెట్ మీదే ఆగిపోయింది. వంగి నిమ్మకాయలు నాలుగూ ఏరుకుంది. "మన్నించండి. అంత ఖరీదైన కారుకి మా నిమ్మకాయలు పనికిరావని తెలీదు," అంది.

అతను కారు అక్కడే వదిలేసి రోడ్డు మీదికి నడిచాడు. బయట మళ్లీ వాన. ఆ సాయంత్రం హరిచందన నిమ్మకాయలన్నీ పిండి షర్బత్ చేసి షెడ్డులో అందరికీ పోసింది. తను మాత్రం తాగలేదు.

*

మర్నాడు కాలేజీకి సెలవు. పొద్దున్నే షాపు షట్టర్ ఎత్తేసరికి ఉదయ్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"మాకు ఏటి సూతకం అండి," అన్నాడు, ఆమె ఏమీ అడక్కముందే. "అమ్మ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. సంవత్సరీకం అయ్యేదాకా మా ఇంట్లో పూజలు, కొబ్బరికాయలు, బొట్టు పెట్టడాలు ఏవీ చెయ్యం. ఆ మాట నెమ్మదిగా చెప్పొచ్చు. చెప్పలేకపోయాను."

హరిచందన తాళంచెవులు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "నాన్నగారిని తీసుకురావాల్సింది..."

"దానికే. కోటిలింగాల ఘాట్‌లో పెడుతున్నాం."

ఆమె ఒక మెట్టు కింద, అతనికి కాస్త దూరంగా కూర్చుంది. అతను రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు.

అమ్మ పేరు సీతారామలక్ష్మి. లెక్కల టీచర్. ఈ కారంటే ఆవిడకి చిన్నపిల్లకున్నంత సరదా. "రోడ్డు మీద చాపేసుకుని కూర్చున్నట్టుందిరా," అనేది. ఎక్కడం దిగడం కష్టమైనా ఆ పక్క సీటు ఎవరికీ ఇచ్చేది కాదు. కారుకి మొదట రన్‌ఫ్లాట్లే ఉండేవి. గోతుల్లో పడ్డప్పుడల్లా ఆవిడ నడుం పట్టేసేది. పైకి చెప్పేది కాదు గానీ చెయ్యి నడుం మీదికి పోయేది. అది చూసి ఉదయ్ మెత్తటి టైర్లు వేయించాడు.

"నాలుగు నెలలు హాయిగా తిరిగింది. తర్వాత గుండెపోటు వచ్చి ఇక్కడే హాస్పిటల్లో చేర్చారు. నేను హైదరాబాద్ నుంచి బయల్దేరాను. తణుకు దగ్గర వాన. గోతిలో నీళ్లు నిండి ఉన్నాయి, కనపడలేదు. టైరు పక్కగా చీలిపోయింది. స్టెప్నీ లేదు. ఎవరూ ఆపలేదు. అమ్మ ఫోన్ చేసింది, 'ఎక్కడున్నావురా' అని."

"ఏం చెప్పారు?"

"రావులపాలెం బ్రిడ్జి ఎక్కేశానమ్మా, వచ్చేస్తున్నా అన్నాను." అతను మెట్టు మీద పడిన చినుకుల్ని అరచేత్తో తుడిచాడు. "ఎవరిదో లారీ పట్టుకుని వెళ్లేసరికి అయిపోయింది. నాన్న ఒక్కటే మాట అన్నారు. 'నీ కారు చప్పుడు కోసం చూసిందిరా' అని. ఇప్పటిదాకా ఆ కారు సంగతి మళ్లీ ఎత్తలేదు. ఎక్కమంటే మాత్రం తల అడ్డంగా ఊపుతారు."

వాన సన్నగా పడుతోంది. ఎదురుగా టీ కొట్టు వాడు స్టవ్ వెలిగించుకుంటున్నాడు.

"తణుకు నుంచి ఇక్కడికి యాభై అయిదు కిలోమీటర్లు," అన్నాడు ఉదయ్. "అందరూ అంటారు, ఏ టైరైనా ఆగిపోయేదే, నీ తప్పేం లేదని. మీకు టైర్లు తెలుసు. ఆ చీలిన టైరు మీరు చూశారు. నిజం చెప్పండి. పాత రన్‌ఫ్లాట్లు ఉంచేసుంటే కారు నడిచేదా?"

హరిచందన వెనక్కి తిరిగి షాపులోకి చూసింది. లోపల ఎవరూ దగ్గడానికి కూడా లేరు. అబద్ధం చెప్పడానికి అంత మంచి అవకాశం ఆమె జీవితంలో ఎప్పుడూ రాలేదు.

"నడిచేదండి," అంది.

అతను కళ్లు మూసుకున్నాడు.

"రిమ్ము బాగానే ఉంది. చీలిక ఒకచోటే ఉంది. నెమ్మదిగా నడిపితే వచ్చేసేవారు," అంది హరిచందన. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. "కానీ ఆ టైర్లు మీరు తీసేసింది ఆవిడ నడుం కోసం కదా. ఆ నాలుగు నెలలూ నొప్పి లేకుండా మీ పక్కన కూర్చున్నారు కదా. దాన్ని తప్పని ఎలా అంటారండీ? నేనైనా మెత్తటివే వేసేదాన్ని. మళ్లీ అడిగినా అవే వేస్తాను."

ఉదయ్ మోచేతిలో మొహం దాచుకున్నాడు. ఏడాదిగా ఎంతమంది ఎన్ని ఓదార్పు మాటలు చెప్పినా రాని ఏడుపు, ఈ అమ్మాయి చెప్పిన నిజానికి వచ్చింది. ఆమె లేచి వెళ్లిపోలేదు. ఊరుకోమనీ అనలేదు. టీ కొట్టు వాడికి రెండు టీలని చేత్తోనే సైగ చేసింది.

టీ సగం అయ్యాక అడిగింది. "నాన్నగారి వయసెంతండి?"

"డెబ్బై రెండు."

"నడుం?"

"అమ్మదానికన్నా ఘోరం."

"మరి ఆయన్ని రాళ్ల మీద కూర్చోబెట్టి తీసుకొస్తారా?"

ఉదయ్ షెడ్డులో ఉన్న కారు వైపు చూశాడు. అక్కడే గోడకి ఆనించిన నాలుగు మెత్తటి టైర్ల వైపు చూశాడు.

"మధ్యలో ఆగిపోతే? అపరాహ్ణం దాటితే క్రతువు చెడుతుంది. ఒకసారి ఆలస్యంగా వచ్చాను చాలదా? స్టెప్నీ ఎక్కడ పెట్టను? ఉన్నది రెండు సీట్లు."

"స్టెప్నీ నేను తెస్తాను."

"అంటే?"

"మా షాపు వ్యాన్‌లో వేసుకుని మీ వెనకాల వస్తాను. అమలాపురం నుంచి రాజమండ్రి దాకా." చెప్పేశాక ఆమెకి చెవులు వేడెక్కాయి. "మాకది... కస్టమర్ సర్వీస్."

"అందరు కస్టమర్లకీ చేస్తారా?"

హరిచందనకి అబద్ధం చెప్పడం రాదు కాబట్టి టీ గ్లాసు వైపు చూసింది. "లేదండి," అంది.

*

సంవత్సరీకం రోజు తెల్లవారుజాము నుంచే మబ్బు. అమలాపురంలో ఉదయ్ ఇంటి ముందు కారు, కారు వెనక టైర్ల బొమ్మ వేసిన తెల్ల వ్యాను ఆగి ఉన్నాయి. వ్యానులో కాకినాడ డాక్టరు గారి పాత రిమ్ముకి ఎక్కించిన స్టెప్నీ, జాకీ, రెండు గొడుగులు ఉన్నాయి.

ఉదయ్ తండ్రి జగన్నాథరావు గారు పంచె సర్దుకుంటూ బయటికొచ్చి కారుని చూసి ఆగిపోయారు. "నేను బస్సులో వస్తాను," అన్నారు.

"నాన్నా, మెత్తటి టైర్లే వేయించాను," అన్నాడు ఉదయ్. "దారిలో ఆగినా ఆగొచ్చు. ఆగదని చెప్పను. ఆగితే మాత్రం వెనకాల వ్యాన్లో స్టెప్నీ ఉంది."

ఆయన కొడుకు మొహంలోకి ఒకసారి చూశారు. "ఆగొచ్చని ముందే చెప్తున్నావు. అది నయం," అని, గుమ్మానికి చెయ్యి ఆనించి కాసేపు నిలబడి, మెల్లగా వంగి కారులో కూర్చున్నారు.

కొత్తపేట దాటాక, కాలవ పక్క రోడ్డు మీద, కారు ఎడమవైపుకి లాగింది. ఉదయ్ పక్కకి తీసి ఆపాడు. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

వెనక వ్యాను ఆగింది. హరిచందన చుడీదార్ చేతులు పైకి మడుచుకుని దిగి, వంగి చూసి లేచింది. "మేకు. అంచు మీద దిగింది, ఇక్కడ ప్లగ్ వేస్తే నిలవదు. స్టెప్నీ వేసేద్దాం. కంగారు పడకండి."

"కొత్త టైరు కదండీ!"

"నిమ్మకాయలు తొక్కించలేదుగా," అంది నెమ్మదిగా, అతనికి మాత్రమే వినపడేలా. "దిష్టి తగిలింది."

అంత భయంలోనూ ఉదయ్‌కి నవ్వొచ్చింది. ఇద్దరూ కలిసి జాకీ బిగించారు. అంతలో ఫోన్ మోగింది. ఘాట్ నుంచి పురోహితుడు గారు. చేతులకి మట్టి ఉండటంతో ఉదయ్ స్పీకర్ నొక్కాడు.

"బాబూ, ఎక్కడిదాకా వచ్చారు? భోక్తలు వచ్చేశారు."

బ్రిడ్జి ఎక్కేశామండి అనే మాట ఉదయ్ నోటి దాకా వచ్చింది. దాన్ని మింగేశాడు.

"టైరు పంక్చరైందండి. రావులపాలెం ఇంకా రాలేదు. కాలవ గట్టు మీద ఆగాం. మారుస్తున్నాం."

"అలాగా, నెమ్మదిగా రండి. ఇంకా చాలా టైముంది. మేం ఉంటాం," అన్నారాయన. అంతే.

వెనక నుంచి ఉదయ్ తల మీద వాన ఆగింది. తిరిగి చూస్తే జగన్నాథరావు గారు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన భుజాలు తడుస్తున్నాయి.

"నువ్వు ఆవేళ బ్రిడ్జి మీద లేవని అమ్మకి తెలుసురా," అన్నారు.

ఉదయ్ చేతిలోని స్పానర్ ఆగిపోయింది.

"ఫోన్ పెట్టేసి నాతో అంది. 'వీడు అబద్ధమాడుతున్నాడండీ. కారు చప్పుడు లేదు, వాన చప్పుడే ఉంది. ఎక్కడో దారిలో నిలబడిపోయాడు. తల తడిపేసుకుంటున్నాడేమో, అసలే సైనస్ వెధవ' అని. నీకు మళ్లీ ఫోన్ చేస్తానంటే చెయ్యనివ్వలేదు. కంగారుపడి పరిగెడతావని." ఆయన గొడుగు చెయ్యి మార్చుకున్నారు. "నేనే ఆ రోజు దుఃఖం పట్టలేక, నీ కారు చప్పుడు కోసం చూసిందని అనేశాను. అన్నాక వెనక్కి తీసుకోవడం చాతకాలేదు."

"మరి కారెక్కనన్నది నా మీద కోపంతో కాదా నాన్నా?"

"కోపమేంట్రా! అది ఆవిడ సీటు. అందులో నేను కూర్చుంటే ఆవిడ లేదని ఒప్పేసుకున్నట్టే కదా."

తండ్రీ కొడుకులు కాలవ గట్టు మీద అలా నిలబడిపోయారు. హరిచందన చక్రం ఆఖరి నట్టు ఒంటరిగా బిగించేసి, పంక్చరైన చక్రాన్ని దొర్లించుకుంటూ వ్యాను వైపు వెళ్లిపోయింది. కాసేపటికి తిరిగొచ్చి, టవలొకటి ఉదయ్ ముందుకి చాపింది.

"ముందు తల తుడుచుకోండి," అంది.

జగన్నాథరావు గారు ఉలిక్కిపడినట్టు ఆ అమ్మాయి వైపు చూశారు. వాన చినుకులు, చేతులకి గ్రీజు, చెంప మీద మట్టి గీత. చాలాసేపు చూశారు. తర్వాత గొడుగు ఆమె మీదికి జరిపారు.

"నేను వ్యాన్లో వస్తానమ్మా. ఎత్తుగా ఉంది, ఎక్కడానికి సులువు. నీతో కాస్త మాట్లాడాలి," అన్నారు.

*

టైముకే చేరారు. వానలోనే పిండ ప్రదానం అయింది. ఉదయ్ గోదావరిలో మునిగి లేచేసరికి వాన వెలిసింది. బూడిదరంగు నీళ్లు మెట్ల అంచు దాకా వచ్చి వెనక్కి పోతున్నాయి. అమ్మ ఇక నిజంగానే లేదు అనిపించింది. ఏడాదిలో మొదటిసారి ఆ మాట అతన్ని తరమలేదు. నీళ్లలా వచ్చి పక్కన నిలబడింది.

హరిచందన ఘాట్ పైమెట్టు మీద, అందరికీ దూరంగా, చెప్పులు విప్పి కూర్చుని ఉంది. ఉదయ్ తడి బట్టలతోనే అటు వెళ్లాడు.

"వ్యాన్లో నాన్న ఏం అడిగారండి?"

"మా ఇంటి పేరు, నా చదువు. తర్వాత, నేను ఈ కస్టమర్ సర్వీస్ ఎన్నాళ్లు చేస్తానని."

"మీరేం చెప్పారు?"

"నిజమే చెప్పాను," అందామె నీళ్ల వైపు చూస్తూ. "మీ అబ్బాయి కారు తిరిగినన్నాళ్లూ అని."

ఉదయ్ ఆమెకి ఒక మెట్టు కింద కూర్చున్నాడు. "ఎన్నాళ్లని వెనకాల వ్యాను తోలుకుంటూ వస్తారండీ? పక్కన కూర్చోండి," అన్నాడు. "నాకు మీరు కావాలి. ఇది ఇవాళ అనకూడదేమో, అయినా అంటున్నాను."

"పక్కన కూర్చుంటే స్టెప్నీ ఎవరు తెస్తారు?"

"ఆగిపోతే ఆగిపోదాం. గట్టు మీద కూర్చుందాం."

ఆమె తల వంచుకుంది. ఆ వంచిన తలలో అవునన్న మాట స్పష్టంగానే ఉంది.

వెనక నుంచి జగన్నాథరావు గారి దగ్గు వినపడి ఇద్దరూ లేచి నిలబడ్డారు. తండ్రులందరికీ ఒకే దగ్గు ఉంటుంది కాబోలు అనుకుంది హరిచందన.

"రేపు శుభస్వీకారం అమ్మా. దాంతో మాకు ఏడాది పూర్తవుతుంది. ఎల్లుండి మీ షాపుకి వస్తాం. నిమ్మకాయలు తెప్పించి ఉంచు."

"నాలుగేగా అండి? ఎప్పుడూ ఉంటాయి."

"నాలుగెలా సరిపోతాయి? ఎనిమిది కావాలి. నీ వ్యానుకి కూడా తొక్కించాలి కదా." ఆయన కాస్త ఆగారు. "ఆ సీటు ఖాళీగా ఉంచితే మా ఆవిడకి నచ్చదమ్మా. ఎల్లుండి మీ నాన్నగారు ఉంటారా?"

"రోజూ ఉంటారండి. పేపర్ వెనకాల," అంది హరిచందన.

చెప్పేసి, ఉదయ్ తల మీంచి ఇంకా నీళ్లు కారుతుండటం చూసి, భుజం మీది టవలు తీసి అతని చేతిలో పెట్టింది. ఈసారి చెప్పించుకోకుండానే అతను తల తుడుచుకున్నాడు.